సాలవృక్షము - దాని పేర్లు

జమ్షెడ్‌పూరునకు ఉత్తరమున నున్న దల్మా కొండలలో నేటికిని సాలవృక్షములు గలవు. తెలుగున గుగ్గిలపు చెట్టు, హిందీలో సఖువా. సంతాలులకును, హో జాతివారికిని అది ‘సర్జోం’. శాస్త్రజ్ఞులు మాత్రము షోరియా రొబస్టా అందురు. గవర్నరు జనరలు సర్ జాన్ షోరు పేరు ఇట్లు అడవిచెట్టున కంటినది.

ఆ పేరు పెట్టిన విలియం రాక్స్‌బరో అంతకుముందు సామర్లకోటలో నుండి తెలుగునాటి మొక్కలను పరిశీలించెను. దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. కోరమాండలు తీరపు మొక్కలనుగూర్చిన ఆయన గ్రంథము 1795 మొదలు 1820 వరకు లండనులో మూడు సంపుటములుగా, 300 చిత్రఫలకములతో వెలువడినది. సాలవృక్షమును అందే చేరినది. ఆయన వ్రాసికొన్న తెలుగు పేర్లలో సోమిచెట్టు పేరు ‘సోయ్మిడా’గా మారి లాటినున స్థిరపడినది. అదియొక అదృష్టమే. బొమ్మలు వ్రాసినవారికి ఆపాటి భాగ్యమును లేదు. ముఖపత్రమున వారి పేర్లు కానరావు.

ఛోటా నాగపూరు వంతు తరువాత వచ్చినది. మానభూమిలోని మిషనరీ కాంబెల్ 1886లో అచ్చటి ఉపయుక్త వస్తువుల వివరణపట్టికను ప్రకటించెను. అటవీశాఖాధికారి హేన్స్ రచించిన వృక్షగ్రంథము 1910లో వచ్చినది. ముండా, సంతాలీ, ఉరావ్ భాషల పేర్లు లాటిను పేర్ల ప్రక్కన నిలిచినవి. అప్పటికే 1908 నుండి సువర్ణరేఖా ఖర్కాయీ సంగమము దాపున సాక్చీలో ఉక్కు కర్మాగారము లేచుచుండెను. 1919లో ఊరి పేరు జమ్షెడ్‌పూరైనది.

చుట్టుపట్ల సంతాలు గ్రామములలో బాహా పండుగనాడు పూజారి నేటికిని సర్జోం పూలనే పంచును.