నీటి శుద్ధిలో డిజిటల్ ట్విన్

నీటి శుద్ధి కేంద్రానికి కంప్యూటర్‌లో ప్రతిరూపం కట్టి, అసలు కేంద్రంలోని సెన్సర్ల రీడింగులతో ఎప్పటికప్పుడు సరిచూస్తూ నడిపితే దాన్ని డిజిటల్ ట్విన్ అంటారు. డిజైన్ రోజుల్లో ఒకసారి వాడి పక్కన పడేసే నమూనాకూ దీనికీ తేడా ఈ నిత్య సంబంధమే. అది లేని రంగురంగుల త్రీడీ బొమ్మలకూ ఇదే పేరు తగిలించేవాళ్లకు కొదవ లేదు.

ఆలోచన వస్తువుల తయారీ రంగంలో పుట్టింది. 2002లో అమెరికాలో మైకేల్ గ్రీవ్స్ దాన్ని ప్రతిపాదించగా, పేరు నాసాకు చెందిన జాన్ వికర్స్ పెట్టాడు. మురుగునీటి శుద్ధికి మాత్రం కావలసిన గణితం అంతకుముందే సిద్ధంగా ఉంది. గాలి ఊది బ్యాక్టీరియాను పెంచి మురుగును తినిపించే పద్ధతిని 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ వెల్లడించారు. ఆ బ్యాక్టీరియా ఎంత తింటుంది, ఎంత పెరుగుతుంది, ఎంత ఆక్సిజన్ పీలుస్తుంది అన్న లెక్కను 1987లో వచ్చిన ఏఎస్ఎం-1 నమూనా 8 ప్రక్రియల్లో ఇమిడ్చింది. నేటి ట్విన్‌లు చాలావరకు ఆ వంశానివే.

సింగపూర్‌లోని చాంగీ కేంద్రం ఇందుకు పేరున్న ఉదాహరణ. 48 కిలోమీటర్ల లోతైన సొరంగంలో పల్లానికి పారి వచ్చే మురుగును రోజుకు 80 కోట్ల లీటర్ల మేర శుద్ధి చేసే సామర్థ్యంతో దీన్ని 2009లో ప్రారంభించారు. అక్కడి జల సంస్థ పీయూబీ కోసం జేకబ్స్ కంపెనీ కేంద్రం మొత్తానికి ట్విన్ తయారుచేసింది. ఏదైనా మార్పు చేయాలంటే ముందు దాని మీద చేసి చూడొచ్చు. అసలు ట్యాంకులో ప్రయోగం వికటించి బ్యాక్టీరియా చచ్చిపోతే, మళ్లీ పెరగడానికి వారాలు పట్టవచ్చు మరి.

కరెంటు బిల్లు సంగతీ ఉంది. ఇలాంటి కేంద్రాల్లో దాదాపు సగం కరెంటు గాలి ఊదే బ్లోయర్లకే పోతుంది. రానున్న గంటల్లో మురుగులో అమ్మోనియా ఎంత పెరుగుతుందో ట్విన్ ముందే చెబితే, దాన్ని తినే బ్యాక్టీరియాకు గాలిని ఆ మేరకే ఇవ్వొచ్చు.

అయితే ఇంత లెక్కా ట్యాంకులో వేలాడే ఆక్సిజన్ ప్రోబ్ మీద ఆధారపడుతుంది. దానికి పాచి పడితే, ఆ పాచిలోని సూక్ష్మజీవులే కాస్త ఆక్సిజన్ లాగేసుకుంటాయి. రీడింగు తగ్గుతుంది, బ్లోయర్ అనవసరంగా జోరందుకుంటుంది. ఆపరేటర్ ప్రోబ్‌ను పైకి తీసి గుడ్డతో తుడిచేదాకా ట్విన్‌కూ ఆ తప్పుడు అంకే దిక్కు.

తాగునీటి దగ్గర పని ఇంకా కష్టం. నీటిలోని బురదను పేర్చి దించే పటిక మోతాదుకు ఏఎస్ఎం-1 అంత బలమైన సూత్రాల నమూనా లేదు; ఎక్కువగా పాత రికార్డుల నుంచి నేర్చుకున్న లెక్కలే వాడతారు. ఆ రికార్డుల్లో ఎన్నడూ లేనంత బురదతో నదికి వరదొస్తే, కెమిస్టు మళ్లీ గాజు బీకర్లు వరుసగా పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక కలిపి చూసే జార్ టెస్టు చేయాల్సిందే.