పుంతదారిన రైతు వాహనము



రామచంద్రపురము దాపుననున్న పల్లెలో పుట్టి, అమెరికాలో ఇరువదియేండ్లు ఉద్యోగము చేసిన నా మిత్రుడొకడు క్రిందటి సంక్రాంతికి ఇంటికి వచ్చెను. అతనికిని, అన్నగారికిని ఉమ్మడిగా ఆరెకరముల వరిచేను, రెండెకరముల కొబ్బరితోట కలవు. సేద్యమంతయు అన్నగారిదే. ఆ దేశమున తన యింటి సమీపమునగల రైతులు నడుపు బండి నొకదానిని గూర్చి మిత్రుడు మాకు వర్ణించి చెప్పెను. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి, వెనుక తొట్టిలో ఎరువుబస్తాలు వేసికొని, గట్టనక గుంటయనక పోవు నాలుగు చక్రముల చిన్న మోటారుబండి యది. ఆ కూర్చుండు తీరునుబట్టియే దానిని వారు సైడ్-బై-సైడ్ అందురట. "అన్నయ్యకు అటువంటిది కొనిపెట్టవలెనని యున్నది. నీవేమందువు?" అని నన్నడిగెను. అన్నగారు మాత్రము పలుకక, తువ్వాలుతో ముఖము తుడుచుకొనుచు కూర్చుండిరి. తెచ్చి యిచ్చువాడు తమ్ముడు, పోషింపవలసినవారు తాము గదా!

నే నప్పుడు జవాబు చెప్పలేకపోతిని. ఏ నేలకు ఏ బండి తగునో బండినిబట్టి చెప్పుట కంటె ఆ నేల చరిత్రనుబట్టి చెప్పుట మేలని తోచినది. ఆ చరిత్రనే ఈ సాయంకాలము మీకు మనవి చేసెదను.

ముందు స్థలనిర్ణయము. కోనసీమ యని మన పెద్దలన్నది గౌతమీ వసిష్ఠల నడిమి సీమను. రామచంద్రపురము గౌతమికి తూర్పున నున్నది. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు దానిని కోనసీమ జిల్లాలో చేర్చిరి గాని, అక్కడినుండి అమలాపురము పోవలెనన్న గౌతమిని దాటవలసినదే. కోటిపల్లి రేవున పంటు ఎక్కవలెను. లేదా ఎగువను జొన్నాడ-రావులపాలెము వంతెనకో, దిగువను 2002లో తెరచిన యానాము-ఎదుర్లంక వంతెనకో చుట్టు తిరిగి పోవలెను. ఈ సీమలో ప్రయాణమనగా మొదట నీటితో బేరము.

ఆనకట్టకు పూర్వము ఈ బేరము మిక్కిలి కఠినముగా నుండెను. 1832-33 సంవత్సరములలో నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన పెనుతుపాను ఈ మండలమును నిర్జనప్రాయము గావించినవి. గోదావరి నిండుగా పారుచుండగనే దాని గట్టున జనులు తిండిలేక చచ్చిరి. ఒక తావున ధాన్యమున్నను మరియొక తావునకు చేర్చుటకు దారి లేకుండెను. వానకాలమున బండి కదలదు. ఎడ్లమీది పెరికెలును, మనుష్యుల భుజముల కావడియు ఎంత మోయగలవు? కాటన్ దొర 1844లో ఆనకట్టను గూర్చి నివేదిక వ్రాసినప్పుడు నీటిపారుదలతోపాటు ఈ రవాణా సంగతియు ఆయన మనసులో నుండెను. ధవళేశ్వరపు పని 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. కాలువలు త్రవ్వినప్పుడు వానిని పడవలు నడచుటకు తగినట్లు త్రవ్వి, లాకులు కట్టిరి. నీటిదారి రైలుదారికంటె చౌకయని కాటన్ దొర కడదాక వాదించెను; 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుటకూడ అదియే వాదము. సీమదొరలు ఆయనను మన్నించిరి గాని రైళ్ళనే వేసిరి.

ఆ వాదములో ఎంత సత్యము కలదో మన కాలువగట్టుమీద నిలిచినవారికి తెలిసియే యుండెను. నిలుకడనీట పడవను గాలివాటమున తెరచాప నడపును. గాలి లేనినాడు ఇద్దరు ముగ్గురు గట్టున నడచుచు త్రాటితో లాగుదురు. ఆ బరువునే బాటమీద చేర్చవలెనన్న ఎన్ని జతల ఎడ్లు కావలెనో! కాకినాడలో ఎత్తిన సరకు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువల మీదుగా చెన్నపట్టణము దాక నీటిమీదనే పోవుచుండెను.

ఇక బండి. పడవ యున్న సీమలో బండికి దూరపు పని లేదు. కళ్ళమునుండి గాదెకు, గాదెనుండి రేవునకు, పెండ్లికో తీర్థమునకో ద్రాక్షారామము దాక - ఇంతియే దాని లోకము. కనుక మన డెల్టా బండి దూరము పోవుటకై కాక, బురదలోనుండి బయటపడుటకై పుట్టినది. దాని చక్రము మనుష్యుని రొమ్ములయెత్తు. పెద్ద చక్రము గుంటలో దిగినను సులువుగా ఎక్కివచ్చును. ఇనుపపట్టా సన్నముగా నుండి, పైబురదను కోసికొని క్రింది గట్టినేలను అందుకొనును. ఆ పట్టాయే ఎండినబాటను చాళ్ళుచాళ్ళుగా చీల్చివేయునన్నదియు నిజమే.

బండిని ఎన్నుకొనుట ఆనాడు చిన్నపని కాదు. మా తాతగారు బండి చేయించినప్పటి ముచ్చట మా యింట పలుమారు విన్నాను. నల్లతుమ్మ మానును ముందుగానే కొట్టించి, నీడను ఎండబెట్టవలెను. పచ్చికర్ర ఆకులు వేసిన చక్రము మొదటి వేసవికే వదులై కిర్రుమనును. కుండలో ఆకులు, ఆకులపై పూటీలు బిగించువాడు వడ్రంగి. పట్టాను పిడకలమంటలో ఎర్రగా కాల్చి, అది సాగినప్పుడు చక్రమునకు తొడిగి, వెంటనే నీళ్ళు చల్లి బిగియించువాడు కమ్మరి. ఇద్దరిలో ఎవరు తొందరపడినను రైతు చెడును. వేసవిలో కర్ర ముడుచుకొని పట్టా సడలినప్పుడు బండిని చెరువులోనికి తోలి చక్రములను నాననిత్తురు. కర్ర ఉబ్బి మరల బిగియును. ఇరుసునకు కందెన, చీలకు రోజూ ఒక చూపు - నిత్యసేవ యింతియే.

ఎడ్ల సంగతి వేరు. ఒంగోలుజాతి జత గుమ్మములో కట్టియుండుట రైతు మర్యాద. దమ్మునకు మాత్రము పెక్కుచోట్ల దున్నపోతులనే దింపెడివారు. మోకాలిలోతు బురద వానికి సుఖము, ఎద్దునకు కష్టము. ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ బండికి కావలసిన ఇంధనము ఆ చేనిలోనే పండినది. గడ్డి తిని పేడ పెట్టినవి. ఆ పేడ తిరిగి చేనికే పోయినది. రొక్కము చేతినుండి జారలేదు. అయితే రెండెడ్లను ఏడాదిపొడవున మేపుట రెండెకరముల పేదవాని తరము కాకుండెను. అతడు బాడుగబండికై ఆసామి గుమ్మమున నిలిచి, తన వంతు వచ్చుసరికి పనలు తడిసిపోవుట చూచెడివాడు. బండి గలవాడు, బండి లేనివాడు అను భేదము ట్రాక్టరుతో వచ్చినది కాదు.

రైలు మా సీమకు వచ్చి, పోయి, మరల వచ్చినది. 1928లో కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా కోటిపల్లికి దారి వేసిరి. రెండవ ప్రపంచయుద్ధ మారంభమైన పిమ్మట, 1940 ప్రాంతమున, ఆ పట్టాలను యుద్ధావసరములకై పెరికికొనిపోయిరి. మరల రైలు కూసినది 2004లో. పట్టాలు లేని ఆ అరువదేండ్లలో లారీ వచ్చి కాలువపడవను మూలకు నెట్టినది. ఎడ్లబండికి డన్లప్ గాలిచక్రములు వచ్చినది కూడ ఇరువదవ శతాబ్దపు నడిమి కాలముననే. తారురోడ్డుమీద ఎద్దుకు శ్రమ తగ్గి, మోత పెరిగెను. 1970 తరువాత బెంగుళూరు మేనేజిమెంటు విద్యాలయపు తొలి డైరెక్టరు ఎన్. ఎస్. రామస్వామిగారు ఎడ్లబండిని బాగుపరుపవలెనని చిరకాలము పరిశ్రమించిరి. ఎద్దు మెడమీది కాడి రాపిడి మొదలుకొని ఆయన పట్టించుకొనని దానిలేదు. కాని ఆయన బండిని సవరించుచుండగనే ఎడ్లు తగ్గిపోవుచుండెను.

మన దేశములో ట్రాక్టరు తయారగుట 1959లో ఐషర్ కంపెనీతో మొదలయ్యెను. పవరుటిల్లరు జపానునుండి వచ్చిన విద్య. 1967లో బెంగుళూరున వి. ఎస్. టి. కంపెనీ మిత్సుబిషి వారి సహాయముతోను, 1973లో కేరళమున కామ్‌కో సంస్థ కుబోటా వారి సహాయముతోను ఆరంభించినవి. జపానువారిదియు చిన్నకమతము, తడినేల; కనుక ఆ యంత్రము మన దమ్ములో పరాయిదిగా కనబడలేదు. పండ్రెండు పదమూడు గుర్రముల బలము, ట్రాక్టరువలె చేనిలో దిగబడదు, ఇరుకుమడిలో తిరుగును, వెనుక తొట్టి తగిలించిన బస్తాలు మోయును. దోషమేమనగా దినమంతయు దానివెంట బురదలో నడచినవాని చేతులు రాత్రి నిద్దురలోకూడ అదరుచుండును. అమ్మువారు ఈ మాట చెప్పరు.

మా మిత్రుడు ముచ్చటపడిన బండి వీటన్నిటికి తమ్ముడు. కవాసాకి కంపెనీ 1988లో "మ్యూల్" అను పేర నొకదానిని విడిచెను. ఆ మాటకు కంచరగాడిద యని అర్థము. 1992లో జాన్ డీర్ వారు మొసలిజాతి పేరు పెట్టి "గేటర్" అనిరి. 1998లో పొలారిస్ వారి "రేంజర్" వచ్చెను. ఆ పొలారిస్ కంపెనీ 2011లో మన దేశమునను అంగడి తెరచెను. వందలయెకరముల పొలము, గట్టినేల, కంచెలవెంట మైళ్ళకొలది తిరుగవలసిన పని, మనుష్యుల కొరత - ఇవి యున్నచోట అది పుట్టినది. అక్కడ అది మిక్కిలి ఉపయోగకరమే. నేను దానిని నిందించను. కాని మన చేలలో అడ్డుగట్టు రెండడుగులు. ఆ బండి వెడల్పు సాధారణముగా అయిదడుగులకు అటునిటుగా నుండును. చేనిలోనికి దిగిన నాట్లు చెడును. దిగనిచో అది పుంతమీది బండియే. ఇట్టివానిలో పెక్కింట బలమును చక్రములకందించునది రబ్బరుబెల్టు. నీరు చొచ్చిన అది జారును. పాడైన బెల్టు రామచంద్రపురపు అంగడిలో దొరకునా? తారురోడ్డెక్కవలెనన్న రిజిస్ట్రేషను కావలెను; పొలముకొరకే చేసిన బండికి అది యగునో కాదో సొమ్ము చెల్లింపకముందే వ్రాతమూలముగా అడుగవలెను. రోడ్డుమీద సరకు చేర్చుటకు 2005లో వచ్చిన టాటా ఏస్ బండి మన కొబ్బరికాయలకు, అరటిగెలలకు ఏనాడో అలవాటుపడినది. బాగుచేయువారు ప్రతి కూడలిలో కలరు.

ట్రాక్టరే కొనరాదా యందురేమో. ఆరెకరముల దమ్ము ఏడాదిలో కొద్దిదినముల పని. తక్కిన దినములు ట్రాక్టరు చావడిలో నిద్రించును గాని బ్యాంకువడ్డీ నిద్రింపదు. బాడుగకు త్రిప్పి సంపాదింతమన్న, సార్వాకు నీరు వదలిన వారములోనే ఊరంతయు పిలుచును, పిమ్మట పిలుచువాడుండడు. కట్టలేక భూమిని తాకట్టుపెట్టినవారిని నేనెరుగుదును. కౌలుదారుకు తాకట్టుపెట్ట భూమియే లేదు. అతడు మా తాతగారినాటి పేదరైతువలె వంతుకై నిలుచువాడే. 2011 సార్వాలో కోనసీమ రైతులు సేద్యము మాని పంటవిరామము ప్రకటించినప్పుడు, ధర గిట్టకపోవుటతోపాటు సేద్యపు ఖర్చులు పెరుగుటయు వారు చెప్పిన కారణములలో నొకటి. మరియొక మాట: ట్రాక్టరు తొట్టిలో కూలీలను, ఆడువారిని, పిల్లలను ఎక్కించి తీర్థములకు తోలుట చట్టవిరుద్ధము, తొట్టి బోల్తాపడిన వార్తలు మనము చదువుచునే యున్నాము. దమ్ముచక్రములతో రోడ్డెక్కుట మరియొక పాపము.

ఇంతవరకు బండ్లను గూర్చి చెప్పితిని. అసలు చిక్కు బండిలో లేదని నాకు తెలియుటకు మరునాటి ఉదయము పొలము పోవలసివచ్చెను. చేలనడుమ బండ్లు నడచు దారిని మాసీమలో పుంత యందురు. కృష్ణా గుంటూరు మండలములవారు డొంక యందురు. పుంత ఎవరి సొత్తును కాదు, అందరి సొత్తు. పూర్వము సర్వే చేసినప్పుడు గొలుసు పట్టి, దాని వెడల్పును లింకులలో గ్రామపటమున గుర్తించిరి. ఎడ్లబండి నడచినన్నాళ్ళు దానికి ఎదురుబండి తప్పుకొనుటకు చోటు కావలసెను గనుక ఎవరును ఆక్రమింప సాహసింపలేదు. ఎడ్లు పోయినవి, పుంత పాడుపడినది, ఇరుప్రక్కలవారు ఏటేట ఒక్కొక్క సాలు కలుపుకొనిరి.

మేము ముగ్గురము టేపు పట్టి కొలిచితిమి. గ్రామపటములో ఇరువది లింకులు, అనగా పదమూడడుగులకు పైమాట. నేలమీద తూము దగ్గర ఏడడుగులు. దానిలో ఒకవైపు విరిగి కాలువలోనికి వ్రాలినది. కోతమిషను అటురాలేదు కనుక అన్నగారు నిరుడు కూలీలచే కోయించి, పనలను తలమోతగా రోడ్డు దాక చేర్పించిరి. ఆ ఖర్చు విని మిత్రుడు వెలవెలబోయెను. "అమెరికా బండి ఇందులో పట్టునా?" అని అన్నగారు మొదటిసారిగా నోరు విప్పిరి. పట్టును; ఎదుట గేదె రాకున్న పట్టును.

మిత్రుడు తిరిగి పోవుటకు ముందు అన్నదమ్ములిద్దరు తహశీలుదారు కచేరీలో పుంత కొలతకై దరఖాస్తు పెట్టిరి. దాళ్వా కోతలయిన పిదప సర్వేయరు వచ్చి రాళ్ళు పాతెను. ఎడమవైపు చేనివారు నలుగురు కలుపుకొన్నట్లు తేలినది. కుడివైపున ఎక్కువగా ముందునకు వచ్చినది వీరి కొబ్బరితోట కంచెయే. మొన్న టెలిఫోనులో అన్నగారు చెప్పిరి: కంచె తీయించినారట, హద్దులోనున్న మూడు చెట్లు కొట్టించుటకు మనసొప్పక కాయలు దించువరకు గడువడిగినారట. తూము బాగుచేయుటకు తమ్ముడు పంపిన సొమ్ములో సగము సరిపోయినదట. మిగిలిన సగమునకు టిల్లరు కొందునా, ఇంకొక యేడు బాడుగకే తోలింతునా యని నన్నడిగిరి. తొట్టికి బ్రేకులున్నవో లేవో చూచి చెప్పుమంటిని.