లూనోఖోద్-2 నడిచిన దూరం: విజ్ఞానసర్వస్వ వ్యాసానికి ఒక సవరణ

చంద్రునిపై తిరిగిన తొలి వాహనాలను గూర్చిన విజ్ఞానసర్వస్వ వ్యాసాలలో లూనోఖోద్-2 ప్రయాణదూరం చాలాకాలం 37 కిలోమీటర్లుగానే కనిపించింది. 1973 జనవరిలో లూనా-21 నౌక దానిని లెమోనియే బిలంలో దించింది. ఎనిమిది చక్రాలు వాహనాన్ని నడుపగా, స్వేచ్ఛగా తిరిగే తొమ్మిదవ చిన్న చక్రం దూరాన్ని కొలిచేది. 37 అనే సంఖ్య ఆ చక్రభ్రమణాల లెక్క నుండి వచ్చినదే. దశాబ్దాల తరువాత అమెరికా కక్ష్యానౌక తీసిన చిత్రాలలో చక్రాల జాడలు కనబడగా, పరిశోధకులు వాటి వెంబడి మళ్లీ కొలిచి 39 కిలోమీటర్లుగా నిర్ధారించారు. 2014 జులైలో అంగారకునిపై ఆపర్చునిటీ 40 కిలోమీటర్లు చేరినప్పుడు, అది అధిగమించిన దూరంగా ప్రకటించినది ఈ సంఖ్యనే. అయితే వ్యాసంలో 37ను కొట్టివేసి 39 వేసినంతనే సవరణ పూర్తి కాదు. సోవియట్ చోదకులు నాడు ఎరిగిన దూరం 37 మాత్రమే. రెండు సంఖ్యలనూ కొలత పద్ధతితో సహా పేర్కొనాలి. లేనిచో 1970ల నాటి సోవియట్ పత్రాలు చదివే విద్యార్థికి అవి తప్పుడు లెక్కలుగా తోచగలవు.