ఫ్లైట్ మోడ్: విమానంలో ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే ఏమవుతుంది? అసలు సంగతి ఇదీ..

విమానం కదిలే ముందు సిబ్బంది చెప్పే మాట.. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. చాలామంది విననట్టే ఊరుకుంటారు. మరి పెట్టకపోతే విమానం కూలిపోతుందా? ప్రయాణికుడి ఫోన్ వల్లే ప్రమాదం జరిగిందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. చిక్కంతా పైలట్ హెడ్‌సెట్‌తోనే. పైకి వెళ్లేకొద్దీ టవర్ దొరక్క ఫోన్ ఫుల్ పవర్‌తో సిగ్నల్ వెతుకుతుంది. స్పీకర్ పక్కన 2జీ ఫోన్ పెడితే 'టర్ర్ టర్ర్' అనేది గుర్తుందా? అలాంటి మోత పైలట్ చెవిలోనూ పడొచ్చు. ల్యాండింగ్ టైమ్‌లో ఏటీసీ చెప్పే ఒక్క అంకె సరిగా వినపడకపోయినా కష్టమే.

అమెరికా 1991లో విమానాల్లో మొబైల్ కాల్స్ నిషేధించింది మాత్రం వేరే కారణంతో. ఆకాశంలోని ఫోన్ ఒకేసారి బోలెడు టవర్లను తాకి, కింద నెట్‌వర్క్‌ను గందరగోళం చేస్తుందని.

2022 జనవరిలో ఎయిరిండియా కొన్ని అమెరికా సర్వీసులు రద్దు చేసింది కదా.. అది అక్కడి 5జీ టవర్ల సిగ్నల్ విమానం ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్‌కు అడ్డొస్తుందన్న భయంతో. ప్రయాణికుల ఫోన్లతో కాదు.

మన దగ్గర 2014 నుంచి ఫ్లైట్ మోడ్‌లో ఫోన్ వాడుకోవడానికి డీజీసీఏ అనుమతి ఉంది. డౌన్‌లోడ్ చేసుకున్న సినిమా హాయిగా చూసుకోవచ్చు. ఇంకో సంగతి.. మోడ్ ఆన్ చేయకపోతే సిగ్నల్ వెతుకులాటకే బ్యాటరీ తరిగిపోతుంది. దిగాక క్యాబ్ బుక్ చేద్దామంటే ఛార్జింగ్ ఉండదు మరి!