కుటుంబ వాతావరణం, ఆడపిల్లలు ఈడేరే వయసు

ఆడపిల్ల ఏ వయసులో రజస్వల అవుతుందన్నది ముఖ్యంగా వంశం మీద, తిండి మీద ఆధారపడుతుంది. ఇంటి పరిస్థితులకూ ఇందులో పాత్ర ఉందా అన్న పరిశోధన 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఊపందుకుంది.

అంతకుముందు చర్చంతా పోషణ చుట్టూనే సాగింది. ఐరోపాలో మొదటి నెలసరి వయసు తరతరానికీ తగ్గుతూ వచ్చిందని బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ టానర్ చూపాడు. 1970లో రోజ్ ఫ్రిష్, రోజర్ రెవెల్ శరీరం సుమారు 47 కిలోల బరువుకు చేరడమే కీలకమన్నారు. కష్టాలు ఎదుగుదలను వెనక్కి నెడతాయన్నదే అప్పటి అవగాహన.

1991లో జే బెల్‌స్కీ, లారెన్స్ స్టైన్‌బర్గ్, పట్రీషియా డ్రేపర్ దీనికి ఎదురు మాట చెప్పారు. ఆకలి ఆలస్యం చేస్తే చేయవచ్చు గానీ, తల్లిదండ్రుల గొడవలు, ఆదరణ కరువైన బాల్యం, తండ్రి దూరం కావడం మాత్రం ఈడేరడాన్ని తొందరపెడతాయన్నారు. రేపటి మీద భరోసా లేనప్పుడు శరీరం త్వరగా ఎదగడం పరిణామక్రమంలో అబ్బిన గుణమని వారి వాదన. మరుసటి ఏడాదే న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో టెర్రీ మోఫిట్ బృందం పరీక్షించి చూస్తే కలహాల ఇళ్లలో, తండ్రి లేని ఇళ్లలో పెరిగిన పిల్లలు కాస్త ముందే రజస్వల అయ్యారు. అయినా దీనికి వంశపారంపర్యమే సరళమైన వివరణ కావచ్చని ఆ బృందమే రాసింది. చిన్న వయసులో ఈడేరిన తల్లి చిన్న వయసులోనే పెళ్లాడి, ఆ కాపురం నిలవకపోతే, కూతురికి సంక్రమించింది ఇంటి కలతా, తల్లి జన్యువులా? అసలు చిక్కు ఇదే.

2006లో జేన్ మెండిల్ బృందం కవల అక్కచెల్లెళ్ల కూతుళ్లను పోల్చింది. ఒకరికి సవతి తండ్రి ఉండి మరొకరికి లేకపోయినా రజస్వల వయసులో తేడా కనిపించలేదు. 2008లో టిథర్, ఎల్లిస్ ఒకే తల్లిదండ్రుల కూతుళ్లను పరిశీలించారు. తండ్రి ప్రవర్తన బాగా చెడి కాపురం విరిగిన ఇళ్లలో, ఆ విచ్ఛిన్నాన్ని పసితనంలోనే చూసిన చెల్లెళ్లు అక్కల కంటే ముందే ఈడేరారు. వంశం ఒకటే కాబట్టి ఈ సాక్ష్యాన్ని తేలిగ్గా కొట్టేయలేం.

స్వీడన్‌కు దత్తు వెళ్లిన భారతీయ బాలికల సంగతి వేరు. 1991లో వెలువడిన లెమ్మ్ ప్రూస్ బృందం అధ్యయనంలో వారి మొదటి నెలసరి మధ్యస్థ వయసు 11.6 ఏళ్లు, అక్కడి పిల్లల కంటే ఏడాదికి పైగా ముందు. పసితనంలో అర్ధాకలి, ఆ తర్వాత ఒక్కసారిగా అందిన మంచి తిండి ఇందుకు కారణమై ఉంటాయని భావించారు.

2019లో రెబెకా సియర్ బృందం వివిధ దేశాల అధ్యయనాలను సమీక్షించింది. తండ్రి లేకపోవడానికీ ముందే ఈడేరడానికీ సంబంధం సంపన్న పాశ్చాత్య సమాజాల్లోనే నిలకడగా కనిపించింది, మిగతాచోట్ల లేదు. కాబట్టి పిల్ల తొందరగా పెద్దమనిషైందని ఒంటరి తల్లిని వేలెత్తి చూపడం అన్యాయం. 8 ఏళ్లు నిండకముందే రొమ్ముల ఎదుగుదల మొదలైతే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి.