అనంతాళ్వార్ పుష్పవనం

శ్రీవైష్ణవ సంప్రదాయంలో శ్రీరంగం భోగమండపం, కంచి త్యాగమండపం, తిరుమల పుష్పమండపం. ఈ మూడవ నామాన్ని సార్థకం చేసినది ఒక గృహస్థుని తోట.

క్రీ.శ. 1017లో అవతరించిన భగవద్రామానుజులు శ్రీరంగంలో తిరువాయ్‌మొళిని ప్రవచిస్తూ, తిరుమలలో నివసించి స్వామికి పుష్పకైంకర్యం చేయగలవారెవరని అడిగారట. నాడు ఆ గిరి శీతలం, అరణ్యావృతం. సభ మౌనం వహించగా అనంతాళ్వార్ లేచి నిలిచారు.

తోటకు జలం కావాలి. తటాకఖననానికి ఆయన పరులను పిలువలేదు. తాను గునపంతో త్రవ్వగా, గర్భవతియైన ధర్మపత్ని మట్టి మోసేది. జాలిగొన్న ఒక బాలుడు ఆమె తట్ట అందుకొన్నాడు. తమ కైంకర్యంలో అన్యునికి భాగమా అని కోపించి అనంతాళ్వార్ గునపం విసిరారు. అది బాలుని చుబుకానికి తగిలింది. పిమ్మట ఆలయంలో స్వామి చుబుకం నుండి రక్తం స్రవించడం చూచి, విలపించి, పచ్చకర్పూరం అద్దారని ఐతిహ్యం. నేటికీ మూలమూర్తి చుబుకాన కర్పూరాలంకరణ ఉన్నది; ఆ గునపం మహాద్వారం వద్ద గోడకు వ్రేలాడుతున్నది.

వార్షిక బ్రహ్మోత్సవాల మరునాడు, భాగ్‌సవారి పేర, స్వామియే ఆ తోటకు వేంచేస్తారు. స్వహస్తశ్రమ నేలను క్షేత్రం చేస్తుంది. "నాది" అనే అభిమానం ఆ సేవనే గాయపరుస్తుంది. పెరటిలో తులసికోట నిలిపిన గృహస్థుడు, నీరు పోయడానికి పసివాడు చెంబు అందుకొంటే కాదనరాదు.