సిర్పూర్ నుంచి చంద్రపూర్ దాకా: ఒకే దారిలో మూడు రాజధానులు



"మీ సొంతూరు ఏది?" అని అడిగితే మన పిల్లలు తడబడతారు. పుట్టింది చంద్రపూర్‌లో, ఇంట్లో మాట తెలుగు. ఇక్కడి చరిత్ర మనది కాదన్నట్టు మనమే పెంచాం. కానీ ఈ కోట కథ మొదలయ్యేది నేటి తెలంగాణలోనే.

గోండు రాజుల తొలి రాజధాని సిర్పూర్ అని చెబుతారు. ఇప్పుడది కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. అక్కణ్ణుంచి వార్ధా నది దాటి బల్లార్‌పూర్‌కు, తర్వాత చంద్రపూర్‌కు మారారు. కాజీపేట నుంచి రైలెక్కితే సిర్పూర్ టౌన్, బల్లార్షా, చంద్రపూర్ అదే వరుసలో వస్తాయి.

జనం చెప్పుకునే కథ ఇది. ఖాండ్క్యా బల్లాళ్ షాకు ఒంటినిండా కణుతులు. వేటకెళ్లి దాహమేసి ఝర్పట్ నీళ్లు తాగితే నయమయ్యాయట. అక్కడే అచలేశ్వర్ గుడి వెలిసింది. మరోసారి ఓ కుందేలు వేటకుక్కనే తరిమింది. అది పరుగెత్తిన దారి వెంటే కోటగోడ కట్టారంటారు. ఫ్రాన్సులోని షాంబోర్ కోట కూడా 1519లో వేట కోసమే మొదలైంది. దాని చుట్టూ 32 కిలోమీటర్ల గోడ ఉంది. మన గోడ 11-12 కిలోమీటర్లు. తేడా ఏమిటంటే, ఇది ఊరినే చుట్టుకుంది.

జట్‌పురా, బింబా, పఠాన్‌పురా, అచలేశ్వర్ అని నాలుగు దర్వాజాలు, ఐదు ఖిడ్కీలు. భర్త బీర్ షా సమాధిని, మహాకాళి గుడిని కట్టించింది రాణి హీరాయి. 1751లో కోట భోంస్లేల చేతికి, 1818లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది.

నది అవతల రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. బొగ్గు గనులకో, కాగితం మిల్లుకో, రైల్వేకో మనవాళ్లు వచ్చేనాటికే ఈ రాకపోకలు పాతవి.

ఈ కోట గోండులది. దాన్ని మనదని చెప్పుకోవడం న్యాయం కాదు. కానీ దాని నీడలో బతికే మనకు బాధ్యత ఉంది. ఎకో-ప్రో కార్యకర్తలు 2017లో నెలల తరబడి గోడమీది ముళ్లకంపలు కొట్టి శుభ్రం చేశారు. రావి మొక్క మళ్లీ మొలిస్తే చాలు, దాని వేరు రాయిని చీలుస్తుంది. కాబట్టి బురుజుల దగ్గర చెత్త పోయకుండా మన వీధిలోనైనా చూద్దాం. సెలవుల్లో పిల్లలను సిర్పూర్ నుంచి జట్‌పురా దర్వాజా దాకా తిప్పి చూపిద్దాం. అప్పుడు సొంతూరు అడిగినవాళ్లకు వాళ్లు రెండూళ్ల పేర్లు చెప్పగలరు.